సున్నా నిండే దాకా

సున్నా. మళ్ళీ సున్నా. పద్నాలుగు మార్కెట్లు, పద్నాలుగు సున్నాలు. కిలో పట్టుగూళ్ళు సున్నా రూపాయలని నా ప్రోగ్రాం నిన్నటి నుంచి చెబుతోంది, సిగ్గు లేకుండా. పదకొండున్నర అయింది. రేకుల కప్పు కింద ఫ్యాను వేడిని ఈ గోడ నుంచి ఆ గోడకు తోస్తోంది, అంతకుమించి దాని వల్ల ఏమీ కావడం లేదు. ధర్మవరంలో ఈ సందంతా ఒకప్పుడు మగ్గాల చప్పుడే. ఇప్పుడు మూడిళ్ళలో మిగిలింది. మిగతా వాళ్ళు బెంగుళూరు పోయి గేట్ల దగ్గర కుర్చీలేసుకుని కూర్చున్నారు. పొద్దున ఓబులేసు ఫోన్ చేశాడు. పట్టు దారం వ్యాపారి. గూళ్ళ మార్కెట్ల ధరలు ఒక వెబ్‌సైట్లో పెడతారు, ఒక్కో మార్కెట్‌కు ఒక్కో పేజీ. వాటన్నిటి నుంచీ ధరలు ఏరి, ఒక పట్టికలో పెట్టి, ఒంటిగంటలోపు అతనికి పంపడం నా పని. చేత్తో కాదు, ప్రోగ్రాం చేస్తుంది. ఈ పనిని స్క్రాపింగ్ అంటారు. గీకడం. మూకుడు అడుగున మాడింది గీకినట్టు. "ఏమప్పా అంజినప్పా, గూళ్ళు వూరికే పంచుతాండారంటనే? సున్నా రూపాయలంట! సంచి ఎత్తుకొని నేను పోతాండా, నువ్వూ వస్తావా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. పేజీని కొత్తగా మార్చినారు, మధ్యాన్నానికి సరిచేస్తా అన్నాను. "సెయ్యప్పా, సెయ్. నా కండ్లకు కనపడేది నీ మిషినికి యాల కనపడదో నాకైతే తెలీదు" అని పెట్టేశాడు. చదువు రాని మనిషి. కానీ అడగాల్సింది అదే.

బ్రౌజర్లో తెరిస్తే ధరలు కనిపిస్తున్నాయి. ఆరువందల పన్నెండు, ఐదువందల ఎనభై. కానీ వెంటనే కాదు. మొదట గడులు వస్తాయి, గడుల్లో సున్నాలు, పైన ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది, నాలుగైదు సెకన్ల తర్వాత సున్నాలు పోయి ధరలు పడతాయి. నా ప్రోగ్రాం తెచ్చిన పేజీని విప్పి చదివాను. అందులో ఉన్నవి ఆ గడులూ ఆ సున్నాలే. ధర ఒక్కటీ లేదు. అడుగున మాత్రం ఒక స్క్రిప్టు ఉంది, ఆజ్ఞల చిట్టా లాంటిది. ఫలానా చోటికి పో, ధరలు అడుగు, తెచ్చి ఈ గడుల్లో నింపు. బ్రౌజరు ఆ ఆజ్ఞలు చదివి పని చేస్తుంది, అందుకే మన కళ్ళకు ధరలు కనబడతాయి. నా ప్రోగ్రాంకు ఆజ్ఞలు పాటించడం రాదు. గుమ్మం దగ్గర ఏమిస్తే అది పట్టుకుని తిరిగి వచ్చేస్తుంది. అంటే నేను గీకుతున్నది కూర వండిన మూకుడు కాదు, పొయ్యి మీదకే ఎక్కని మూకుడు. కాదు, ఆ పోలిక కూడా సరి కాదు. ఇవి అట్టలు.

అట్టలు. ఇరవై ఏళ్ళు కొట్టాను. మా ఊరి బడిలో పదో తరగతి ముగించి, వరసగా మూడేళ్ళు వేరుశనగ ఎండితే, ధర్మవరం వచ్చి ఒక ముసలాయన దగ్గర కూర్చున్నాను. గడుల కాగితం మీద నెమలినో హంసనో గీసి, ఒక్కో వరసకు ఒక్కో అట్ట, ఏ గడిలో రంగు ఉంటే ఆ చోట బొక్క. కొంగు ఒక్కదానికే వందల అట్టలు. వాటిని వరసలో కుట్టి మగ్గం నెత్తిన ఉన్న జాకార్డు పెట్టెకు ఎక్కిస్తే, బొక్క ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు, కింద పేక వేస్తూ పోతే ఒక్కో పోగుగా నెమలి దిగుతుంది. పెళ్ళయిన కొత్తలో రామలక్ష్మమ్మ అట్టలు కుట్టడానికి కూర్చునేది. ఒక రోజు ఒక అట్టను కిటికీ వెలుతురుకు పెట్టి ఒక కన్ను మూసి చూసింది. "నెమలి కొంగన్నావు. నెమలి యాడుండాది? నాకు బొక్కలే కనపడతాండాయి" అంది. నేను పెద్ద మనిషిలా నవ్వాను. అట్టలో నెమలి ఉండదే, మగ్గం ఆడితే దిగుతాది అన్నాను. తర్వాత చాలా రోజులు ఆ మాట చెప్పి ఏడిపించేవాణ్ణి. వచ్చిన ఆడవాళ్ళ ముందు కూడా. ఆమె ఒకసారి విసురుగా "నాకు తెల్వక అడిగినా. తెల్సినోనివి, నువ్వన్నా ఎప్పుడూ తప్పు పోవద్దు" అంది. ఏదో గొడవలో అన్న మాట. అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత కంప్యూటర్ డిజైన్లు వచ్చాయి, గడుల కాగితం పోయింది, అదీ నేర్చుకున్నాను. ఆ తర్వాత మగ్గాలే పోతుంటే ఈ పని పట్టుకున్నాను. పుస్తకాలు లేవు, గురువు లేడు. ఈ వీధిలో నా అంత తెలిసినవాడు లేడని నాకు గర్వం. ఉండేది.

దీనికి మందు తెలిసిందే. ప్రోగ్రాం తానే పోకుండా ఒక బ్రౌజర్ను పంపాలి. కంటికి కనబడకుండా లోపల నడిచే బ్రౌజరు. అది పేజీని తెరిచి, ఆజ్ఞలు పాటించి, గడులు నింపుతుంది, నిండాక ప్రోగ్రాం తీసుకోవాలి. దించుకోవడానికే ఇరవై నిమిషాలు పట్టింది ఈ నెట్‌తో. నడిపితే మళ్ళీ సున్నాలు. బ్రౌజరు పని మొదలుపెట్టేలోపే ప్రోగ్రాం తొందరపడి తీసేసుకుంది. అప్పుడు ఇంకొక వరస రాశాను. ఈ గడిలో సున్నా పోయి వేరే అంకె వచ్చేదాకా ఆగు. ఆగు అని రాసి నడిపితే మొదటి మార్కెట్ పన్నెండు సెకన్లకు వచ్చింది. ఆరువందల పన్నెండు. రెండోదాన్ని పక్కన మామూలు బ్రౌజర్లో నేనూ తెరిచి చూస్తే చక్రం తిరుగుతోంది. గడులు, గడుల్లో సున్నాలు, పైన చక్రం. ఈ గడులు నేను ఇంతకు ముందు చూశాను. ధరలవి కాదు.

రెండువేల ఇరవై ఒకటి, మే నెల. గడుల్లో ఆసుపత్రుల పేర్లు, ఎదురుగా ఖాళీ ఉన్న ఆక్సిజన్ మంచాలు ఎన్ని అని. ఎవరో నలుగురు పిల్లలు పుణ్యానికి నడిపిన పేజీ అది, ఇప్పుడు లేదు. రామలక్ష్మమ్మకు జ్వరం వచ్చి ఐదో రోజు, ఊపిరి పైపైన ఆడుతోంది, మాట సగంలో ఆపి గాలి కోసం చూస్తోంది. ఆసుపత్రులకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నేను బ్రౌజర్లో ఆ పేజీ తెరిచాను. నెట్ చచ్చిపోయి ఉంది, జిల్లా అంతా అదే పేజీ తెరుస్తున్నట్టుంది. సున్నాలు వచ్చాయి. చక్రం తిరుగుతోంది. సున్నా కనబడింది కదా, ఇంకా దేనికి అని మూసేశాను. ఆ రోజుల్లో సున్నాను ఎవరు అనుమానిస్తారు? ఊరూరా సున్నాయే. తర్వాత నేను చేసింది తెలివైన పని అనుకున్నాను. ఒక ప్రోగ్రాం రాశాను, అయిదు నిమిషాలకొకసారి ఆ పేజీ తెచ్చి చూస్తుంది, ఎక్కడైనా సున్నా కాక వేరే అంకె ఉంటే మోగుతుంది. జనం ఫోన్లు పట్టుకుని వేళ్ళు అరగదీసుకుంటుంటే నేను మాత్రం మోగేదాకా ఆమె పక్కన కూర్చోవచ్చు. కూర్చున్నాను. రెండు పగళ్ళు, రెండు రాత్రులు. మోగలేదు. "మోగిందా?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు, కళ్ళతో కంప్యూటర్ వైపు చూసింది. మూడో రోజు పొద్దున పాలవాడు తలుపు కొట్టేసరికి అయిపోయింది. అప్పుడు కూడా మోగలేదు.

మారుతి. ఆమె తమ్ముడు. కదిరిలో బాడుగ కారు నడిపేవాడు. ఆ ప్రోగ్రాం పెట్టిన మొదటి రోజే వచ్చాడు, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కారు వెనక సీటు మీద దుప్పటి పరచుకుని. అందరూ పక్కవీధికి పోవడానికే భయపడే రోజుల్లో. వాకిట్లో నిలబడి "బావా, రా, అక్కను ఎత్తుకొని పోదాం. అనంతపురం పోయి ఆడ నిలబడితే ఏదో ఒగటి దొరుకుతాది" అన్నాడు. నేను కంప్యూటర్ను గుమ్మం వైపు తిప్పి చూపించాను. "సున్నా. కనపడతాందా? యాడికి తీసుకపోతావ్? రోడ్డు మీద సంపుతావా మీ అక్కను?" అన్నాను. "అది కాదు బావా, పోయి సూద్దాం." "నీకేం తెల్సురా? స్టీరింగు తిప్పేది తప్ప ఏం తెల్సు నీకు? పో." ఒక గంట నిలబడ్డాడు. ఎండలో. పోయాడు. ఆమె పోయాక అందరూ అడిగారు, ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదని. నేను అబద్ధం చెప్పలేదు. మారుతి కారేసుకుని వచ్చాడు, తిరిగి పోయాడు అన్నాను. అంతే అన్నాను. జబ్బుకు భయపడి పారిపోయాడని మిగతాది వాళ్ళే నింపుకున్నారు. నా కూతురు హేమలత కూడా అట్లే నింపుకుంది. నేను చూస్తూ ఊరుకున్నాను. ముత్తైదువగా పోయిన ఆడబిడ్డకు పుట్టింటి చీర, పసుపు కుంకుమ రావాలి. శవానికి కప్పే వీలు లేకపోయింది, ప్లాస్టిక్ సంచిలో పోయింది కాబట్టి, పదకొండో రోజు ఫోటో ముందు పెట్టడానికి తెచ్చాడు మారుతి. ఆకుపచ్చ చీర. గడప దాటనివ్వలేదు. పదిమంది ముందు "కారు తెచ్చి పారిపోయినోని చీర నా భార్యకు వద్దు" అన్నాను. ఇక్కడ మాత్రం నేనే నోటితో అన్నాను. పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట, నేను పారిపోలేదు, నువ్వే పొమ్మన్నావు అని ఒక్క మాట అనలేదు. వీడికి తప్పు చేసిన భయం ఉంది కాబట్టే నోరు లేవలేదనుకున్నాను. నిజంగా అట్లే నమ్మాను. పొమ్మన్నది నేనేనని తెలిసి కూడా, నాలుగేళ్ళలో, వాడు పోకుండా ఉండాల్సింది అని నమ్మడం నేర్చుకున్నాను. మనసుకు ఏది కావాలంటే అది దిగుతుంది.

ఐదో మార్కెట్. ఐదువందల తొంభై. ప్రోగ్రాం దాని పని అది చేస్తోంది. ఆ రెండు రోజుల ఫైళ్ళు ఇంకా ఉన్నాయి. నా ప్రోగ్రాంలు తెచ్చిన ప్రతి పేజీనీ దాచిపెడతాయి, అది నా అలవాటు, పాత డిజైన్ అట్టలు అటక మీద దాచినట్టు. ఆ ఫోల్డర్ నాలుగేళ్ళుగా తెరవలేదు. తెరిచాను. ఐదువందల డెబ్బై చిల్లర ఫైళ్ళు. అన్నీ ఒకే సైజు. ఒక్క అక్షరం పెరగలేదు, తరగలేదు. రెండు రోజులు జిల్లాలో మనుషులు చేరుతున్నారు, పోతున్నారు, చస్తున్నారు, మంచాలు నిండుతున్నాయి, ఖాళీ అవుతున్నాయి, నా దగ్గర మాత్రం అక్షరం కదలలేదు. ఒకటి విప్పాను. గడులు. సున్నాలు. అడుగున స్క్రిప్టు. ఫలానా చోటికి పో, అడుగు, తెచ్చి నింపు. ఇంకొకటి విప్పాను. పది విప్పాను. ప్రళయం వచ్చినా అది మోగేది కాదు. లోకంలోని మంచాలన్నీ ఖాళీగా ఉన్నా మోగేది కాదు. నేను ఆమె పక్కన కూర్చుని రెండు రోజులు కాపలా కాసింది ఒక్క అట్టకు. ఇరవై ఏళ్ళు అట్టలు కొట్టినవాణ్ణి. అట్టను వెలుతురుకు పట్టుకుని, ఇందులో నెమలి లేదు, ఈ చీరలోనే నెమలి లేదు అని తీర్పు చెప్పినవాణ్ణి. తెలియక అడిగింది ఆమె. తెలిసీ నమ్మింది నేను.

అయితే. అయితే ఏమిటి. మంచాలు నిజంగానే లేకపోయి ఉండొచ్చు. నా పేజీ ఖాళీ అయినంత మాత్రాన ఆసుపత్రిలో మంచం ఖాళీ అని కాదు కదా. నింపి ఉంటే కూడా సున్నాయే పడి ఉండొచ్చు. ఆ రోజుల్లో ఎక్కడున్నాయి మంచాలు? ఎంతమంది గేట్ల దగ్గర పోలేదు? ఈ ఆలోచన వచ్చి కొంచెం ఊపిరి ఆడింది. కుండలో నీళ్ళు ముంచుకుని తాగాను. తాగుతుంటే తెలిసింది, నేను కోరుకుంటున్నదేమిటో. ఆ రోజు జిల్లాలో ఒక్క మంచం కూడా లేకుండా ఉండాలని. నా లెక్క సరిపోవడానికి అందరూ చావాలని. గ్లాసు కింద పెట్టాను. ఇట్లాంటివాడితో ఇరవై రెండేళ్ళు కాపురం చేసింది.

మారుతి నంబరు ఫోన్లో ఉంది. తీసెయ్యలేదు, దేనికో. మూడు రింగులకు ఎత్తాడు. "బావా" అన్నాడు. నాలుగేళ్ళు అయినట్టు లేదు ఆ పిలుపులో. నిన్న సాయంత్రం మాట్లాడినట్టు ఉంది. నేను ఎట్లున్నావు అని కూడా అనలేదు. "మారుతీ, ఆ పొద్దు నీకు సూపించినా చూడు, సున్నా. అది తప్పు. పేజీ నిండకముందే నేను సదివినా. రెండు దినాలూ ఖాళీ పేజీనే సూసుకుంటా కూసున్నా. బెడ్లు ఉన్నాయో లేవో నాకు తెలీదు" అన్నాను. ఒక్క ఊపిరిలో.

"పదకొండు" అన్నాడు.

"ఏంది?"

"పదకొండు బెడ్లు ఉండె బావా, అనంతపురంలో. నువ్వు పొమ్మన్నాక కదిరి దోవలో ముదిగుబ్బ కాడ కారాపి నా ఫోన్లో ఆ పేజీనే తీసినా. సేపు తిరిగి తిరిగి, పదకొండు అని పడె."

"మరి యాల రాలేదురా ఎనక్కి? యాల రాలే?" అన్నాను. ఇంకా అడిగే హక్కు ఉన్నట్టు అడుగుతున్నాను.

"నీకు జేసినా. మూడు తూర్లు జేసినా. కట్ జేసినావు."

చేశాను. ఫోన్ నెట్టే కంప్యూటర్‌కు ఇచ్చాను అప్పుడు. కాల్ వస్తే నెట్ తెగుతుంది. నెట్ తెగితే ప్రోగ్రాం ఆగుతుంది. అందుకని మారుతి కాల్ వచ్చిన ప్రతిసారీ కట్ చేశాను.

"నాది పాత ఫోను, గ్లాసు పగిలింది" అంటున్నాడు మారుతి. "నీ కంప్యూటర్లో సున్నా ఉండె. మా బావ తెల్సినోడు, నాదే తప్పు సూపిస్తాందేమో అనుకొంటి. ఇంటికి పోయినా. అక్క పోయినంక తెలిసె, నా ఫోన్లో పడిందే నిజమని. ఆ కారు నేను నడపలా బావా మళ్ళా. అమ్మేసినా. నీ మాట ఇనకుండా కారు ఎనక్కి తిప్పింటే అని, దినామూ. అందుకే నువ్వేమన్నా నేను నోరెత్తలా." ముక్కు ఎగబీల్చుకున్నాడు. నేను ఏదో అనబోయాను, ఏమనాలో తెలియని మాట, క్షమించమనో మరొకటో, నా నోటికి అలవాటు లేని మాట. "నాకేం సెప్పొద్దులే" అన్నాడు. కోపంగా కాదు. అలసిపోయినట్టు. "నాకాడ సెప్పేది సులువు. హేమలత పాపకు సెప్పినావా?"

"లేదు."

"ఆ యమ్మి పోయిన నెల కదిరి బస్టాండులో నన్ను సూసి మొగం తిప్పుకొని బస్సెక్కె. నేను ఎత్తుకొని తిప్పిన బిడ్డ బావా. ఆ యమ్మికి సెప్పు. నువ్వే సెప్పల్ల." పెట్టేశాడు. బాగా చేశాడు. నేనైతే ఎత్తేవాణ్ణే కాదు.

పన్నెండూ యాభై. పద్నాలుగూ వచ్చేశాయి, పట్టిక నిండింది. ఓబులేసు కాల్ వస్తోంది, కట్ చేశాను. హేమలత హిందూపురంలో ఒక ప్రైవేటు బడిలో టీచరు, ఇది అన్నం వేళ. ఇప్పుడు చేయకపోతే సాయంత్రానికి నేను ఏదో ఒకటి అల్లుకుంటాను, నాకు తెలుసు. తల్లి పోయాక ఆ పిల్లకు మిగిలింది నేను. నా మాట ఒక్కటే నమ్మింది. ఇది చెబితే నేను కూడా మిగలను. వారానికి ఒకసారి వచ్చే ఫోన్, దసరాకు వచ్చే బట్టలు, నాయనా అనే పిలుపు. చెప్పకపోతే అవన్నీ ఉంటాయి. నంబరు నొక్కాను. వెంటనే ఎత్తింది. వెనక వంద మంది పిల్లలు, స్టీలు పళ్ళేలు, ఎవడో నీళ్ళ కోసం అరుస్తున్నాడు.

"ఏం నాయనా, ఈ టైములో? ఒళ్ళు బాగుండాదా?"

"బాగుండాది. పాపా, మీ మామ ఆ పొద్దు పారిపోలేదు. అమ్మను తీసుకపోతానని నిలబడె. నేనే పొమ్మన్నా. బెడ్లు ఉండె. నేను సూసిందే తప్పు." గుసగుసలా వచ్చింది.

"ఏంది నాయనా? మామ అంటివా? ఏమీ ఇనపడలా, పిల్లోళ్ళు అరస్తాండారు. గట్టిగా సెప్పు."

తలుపు తెరిచే ఉంది. ఎదురింటి అరుగు మీద పెద్దక్క, ఆమె కోడలు, ఇంకో ఇద్దరు కూర్చుని పప్పు ఏరుతున్నారు. పదకొండో రోజు మా వాకిట్లో నిలబడి పళ్ళెం వెనక్కి పోవడం చూసినవాళ్ళే.

"నాయనా? ఉండావా?"

గట్టిగా చెప్పాను.